నీటి మనిషికి చెప్పే పద్ధతి

ఆ రెండు రోజుల శిక్షణకు వెళ్ళకముందు మేనేజరమ్మకు మాట్లాడటం వచ్చు. ఈ సంగతి ముందే చెప్పెయ్యాలి, లేకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టవుతుంది. కొట్లకు, గోడౌన్లకు ఇనప షట్టర్లు తయారుచేసే షెడ్డు అది. ఒక మూల రేకును పట్టీలుగా వంచే మెషిను పొద్దుట్నుంచీ మోగుతూనే ఉంటుంది, ఇంకో మూల సుత్తులు, మధ్యలో కోత రంపం. అక్కడ మాట్లాడటమంటే అరవడమే. మేనేజరమ్మ ఎనిమిదేళ్ళుగా అరుస్తూ వచ్చింది. "ఆ మూడో షట్టరు వంకర, విప్పండి" అని గుమ్మంలో నిలబడి ఒక్క కేక వేస్తే షెడ్డు మొత్తానికి అర్థమయ్యేది. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. నొచ్చుకోవడానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు.

ఓనరుకు ఎవరో ఎక్కించారు, పెద్ద పెద్ద కంపెనీల్లో పనివాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్పిస్తారని. తాను వెళ్ళడానికి బద్ధకించి మేనేజరమ్మను పంపాడు. హోటలు హాల్లో ఏసీ చలికి చీరకొంగు కప్పుకుని ఆమె రెండు రోజులూ రెప్ప వాల్చకుండా విన్నది. కోటు వేసుకున్న శిక్షకుడు చెప్పిందేమిటంటే, లోకంలో మనుషులు నాలుగే రకాలు: నిప్పు, మట్టి, గాలి, నీరు. నిప్పు మనిషికి ఏదైనా రెండు ముక్కల్లో చెప్పి పక్కకు తప్పుకోవాలి. మట్టి మనిషికి ఆధారాలు చూపించి చెప్పాలి. గాలి మనిషిని నవ్విస్తూ, పొగుడుతూ చెప్పాలి. నీటి మనిషి మహా సున్నితం. కఠినమైన మాట సూటిగా అనకూడదు. ముందు ఇంట్లోవాళ్ళ బాగోగులు అడగాలి, తర్వాత మెచ్చుకోవాలి, ఆ తర్వాత విషయం తనంతట తానే వాళ్ళకు తట్టేలా మెల్లగా దారి చూపాలి.

ఇన్నాళ్ళూ అందరి మీదా ఒకే గొంతుతో అరిచి ఎంత పాపం చేసిందో మేనేజరమ్మకు అప్పుడు తెలిసొచ్చింది. కళ్ళు చెమర్చాయి కూడా. తనది గాలి అని తేలినప్పుడు మాత్రం ముఖం చిన్నబుచ్చుకుంది, ఎందుకంటే గాలి మనిషి అని పేరుపడ్డవాళ్ళకు ఎవరూ పదిరూపాయలు చేబదులు కూడా ఇవ్వరు. శిక్షకుడు అది కనిపెట్టి, గాలి అంటే ఉల్లాసం, మీరు నవ్వితే గదికే వెలుగు వస్తుంది అన్నాడు. ఆమె ముఖం వెంటనే విప్పారింది. గాలి మనిషికి ఎలా చెప్పాలో అతనికి తెలుసు మరి.

తిరిగి వస్తూ ఆమె చొక్కాలకు తగిలించే నాలుగు రకాల బిళ్ళలు తెచ్చింది. ఎవరు ఏ రకమో తేల్చడానికి అందరినీ ప్రశ్నలు అడిగింది. ఫిట్టరు మొదటి ప్రశ్నకే "పనుంది, తర్వాత" అన్నాడు కాబట్టి నిప్పు. గుమాస్తా ఈ ప్రశ్న ఎందుకడుగుతున్నారని ఎదురు ప్రశ్న వేశాడు కాబట్టి మట్టి. పెయింటరు అన్నిటికీ పకపకా నవ్వాడు కాబట్టి గాలి. మిగిలింది స్ప్రింగు మేస్త్రి. షట్టరు చేత్తో లేపితే తేలిగ్గా లేవాలంటే పైనున్న గొట్టంలో స్ప్రింగు సరిగ్గా బిగించాలి, ఆ పని ఆయనది. మెషిను పక్కనే కూర్చుని జీవితమంతా పనిచేసినందువల్ల ఆయన చెవులు సగం పోయాయి. మేనేజరమ్మ ఆ చప్పుడులోనే, ఆయన పక్కన ముక్కాలిపీట వేసుకుని, కొత్తగా నేర్చుకున్న మెత్తటి గొంతుతో ప్రశ్నలు చదివింది. గొడవలంటే మీకు గిట్టదు కదా అంటే ఆయన తలూపాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే మీకు రాత్రంతా నిద్రపట్టదు కదా అంటే తలూపాడు. ఆయనకు ఒక్క ముక్క వినపడలేదు. మేనేజరమ్మ ఏదో అడుగుతోంది, కాదంటే ఇంకాసేపు కూర్చుంటుంది అని తలూపాడంతే.

పూర్వం బేరమాడిన ఒక షావుకారును "నీ కొట్టుకు షట్టరెందుకయ్యా, దొంగ కూడా రాడు" అని షెడ్డులోంచి పంపేసిన మనిషి ఈయన. అలాంటాయన చొక్కాకు నీటిబొట్టు బిళ్ళ తగిలించింది మేనేజరమ్మ. నీళ్ళు దండగ చేయొద్దని కాబోలు అనుకుని ఆయన ఆ రోజునుంచి పెరట్లో కుళాయి గట్టిగా కట్టేయడం మొదలుపెట్టాడు.

ఇక పద్ధతి అమలయింది. నిప్పు మనిషి కదా అని ఫిట్టరుకు "షట్టరు, బజారు, రేపు" అని మాత్రమే చెప్పింది. అతను వెళ్ళి బజారులో బాగా నడుస్తున్న బట్టలకొట్టు షట్టరు ఊడదీసి వచ్చాడు. ఇరుక్కుపోయిన మందులషాపు షట్టరు ఇరుక్కునే ఉంది. పెయింటరును పని మొదలుపెట్టమనడానికి ముందు నవ్వించాలి గనక, ఆమె జోకులు వెతుక్కుని వచ్చి చెప్పేలోపు డబ్బాలో రంగు మీగడ కట్టింది. గుమాస్తాను పెన్సిలు అడగడానికి మూడు కారణాలు చెబితే, అతను నాలుగోది అడిగాడు. ఇంటి దగ్గర ఫ్రిజ్‌లు బాగుచేసే మొగుణ్ణి కూడా ఏదో ఒక రకంలో పెట్టబోయింది. "నాకే రకమూ వద్దు. ఆకలేస్తే ఆకలేస్తోందని చెప్పు, చాలు" అన్నాడాయన. పాపం, ఎదగని మనిషి అని ఆమె జాలిపడింది.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేది. కానీ ఒక సోమవారం పొద్దున ఓనరు మేనేజరమ్మను తన గదికి పిలిచాడు. గదిలో మూలనున్న తిరిగే కుర్చీలో ఆయన బావమరిది కూర్చుని గిర్రున తిరుగుతున్నాడు. పనీపాటా లేని ఆ బావమరిదిని మేనేజరమ్మ సీట్లో కూర్చోబెట్టమని ఓనరు భార్య ఇంట్లో ఆరునెలలుగా పోరుపెడుతోంది. ఓనరు ఏదో ఒకటి చెప్పి దాటవేస్తున్నాడు. దయతో కాదు, మేనేజరమ్మ నోటికి భయపడి.

ఆ రోజు పిలిచింది మాత్రం వేరే పనికి. ఇకమీదట అన్నీ మోటారు షట్టర్లేనని, నెలాఖరుకు స్ప్రింగు పని మూసేస్తున్నానని, మేస్త్రిని పంపించెయ్యాలని ఆయన ఒక్క ఊపులో చెప్పాడు. మేస్త్రిని పిలు, ఇప్పుడే చెప్పేస్తానన్నాడు. మేనేజరమ్మ అడ్డుపడింది. మేస్త్రి నీటి మనిషనీ, ఇలా మొహాన కొట్టినట్టు చెబితే కుప్పకూలిపోతాడనీ, దీనికో పద్ధతుందనీ, తనకు వదిలెయ్యమనీ బతిమాలింది. ఉద్యోగం పోయిందని ఒకరికి చెప్పే పని ఇంకొకరు మీదేసుకుంటానంటే ఎవరు కాదంటారు? శనివారం కల్లా తేలిపోవాలి అన్నాడు ఓనరు, అంతే.

ఆ మధ్యాహ్నమే మేస్త్రి తనంతట తానే ఆమె దగ్గరకు వచ్చాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి, కారు గరాజులకు తలుపులు చేసే కంపెనీవాళ్ళు స్ప్రింగు తెలిసినవాడు కావాలని తనను పిలుస్తున్నారని చెప్పాడు. శుక్రవారం సాయంత్రం లోపు ఏ సంగతో చెప్పాలట, లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారట.

"ఇక్కడ పని ఉంటుందంటే నేనెక్కడికీ పోనమ్మా. ఉండదంటే ఆ పనిలో చేరతాను. మీరు ఒక్కమాట చెప్పండి" అన్నాడు.

వెళ్ళు బాబాయ్ అనే మాట మేనేజరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. శిక్షణకు ముందైతే ఈపాటికి షెడ్డంతా వినపడేది. కానీ కళ్ళెదురుగా ఆయన చొక్కా మీద నీటిబొట్టు మెరుస్తోంది. సూటిగా అనకూడదు. ముందు బాగోగులు.

"పిన్ని మోకాలు ఎలా ఉంది బాబాయ్?" అంది.

మేస్త్రి కాస్త తెల్లబోయి, బాగానే ఉందని చెప్పి, జవాబు కోసం ఇంకొంచెంసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మొదటి మెట్టు దాటానని మేనేజరమ్మ సంతోషించింది.

మంగళవారం మెచ్చుకోలు. మెషిను ఆగినప్పుడు పనిగట్టుకుని వెళ్ళి, మీ చేతిలో ఉన్న పనితనం ఇంకెవరికీ లేదని చెప్పింది. బుధవారం దారి చూపడం. ఆయన్ను వీధి మలుపులో టీకొట్టుకు తీసుకెళ్ళి, బల్ల మీద చెయ్యి ఆనించి, రాత్రి అద్దం ముందు సాధన చేసిన మాటలు వరసగా అప్పజెప్పింది.

"మీలాంటివాళ్ళు ఆ మూల పీట మీద ఉండిపోకూడదు బాబాయ్. మీరు ఆ స్థాయి ఎప్పుడో దాటేశారు. మీ ముందు ఒక కొత్త తలుపు తెరుచుకుంటోంది. ఇంత చెప్పాక మీకు అర్థమయ్యే ఉంటుంది."

మేస్త్రి టీ గ్లాసు దించాడు. షెడ్డు వెనకగదిలోకి మోటార్ల పెట్టెలు దిగడం ఆయన వారంనుంచీ చూస్తున్నాడు. ఆ మోటార్ల పని చూడటానికి ఒక పెద్దతల కావాలి కదా. మూల పీట వద్దంటోంది, స్థాయి దాటేశావంటోంది. ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు?

"అర్థమైందమ్మా" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. మేనేజరమ్మా తుడుచుకుంది. ఇంత చేదు మాటను ఇంత తీయగా చెప్పినందుకు తన మీద తనకే గౌరవం పెరిగింది. ఆ శిక్షకుడు పక్కనుంటే ఎంత బాగుండేదో అనుకుంది.

గురువారం మేస్త్రి తలుపుల కంపెనీకి వెళ్ళి, తాను రాలేనని చెప్పేసి వచ్చాడు. శుక్రవారం పొద్దున మిఠాయి పొట్లంతో షెడ్డులో అడుగుపెట్టాడు. మొదటి ముక్క తెచ్చి మేనేజరమ్మ చేతిలో పెట్టాడు.

"మోటార్ల సెక్షను నా చేతికిస్తారని కలలో కూడా అనుకోలేదమ్మా. నిన్ననే వాళ్ళకు రానని చెప్పేశాను" అన్నాడు. చెవులు సరిగా వినపడనివాళ్ళు మాట్లాడినట్టు పెద్దగా అన్నాడు. అందరూ చుట్టూ చేరారు. పెయింటరు ఆయన బుజం చరిచాడు. ఫిట్టరు రెండు ముక్కలు తీసుకున్నాడు.

మేనేజరమ్మ చేతిలో మిఠాయి జిగురుగా అంటుకుంది. అయినా ఇంకా సమయం మించిపోలేదు. తలుపుల కంపెనీవాళ్ళు సాయంత్రందాకా చూస్తారు. ఈ క్షణాన పక్కకు పిలిచి, పొరపాటైంది బాబాయ్, పరిగెత్తు అంటే చాలు. కానీ నీటి మనిషికి పదిమందిలో చెప్పకూడదు. ఆమె మిఠాయి తినేసింది. భోజనాలయ్యాక చెబుదామనుకుంది, కానీ అప్పుడు ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు, సంతోషంగా ఉన్న నీటి మనిషిని కదపకూడదు. సాయంత్రం ఫోను చేద్దామనుకుంది, కానీ చెడ్డ కబురు ఫోనులో అసలే చెప్పకూడదు. అలా సాయంత్రం గడిచిపోయింది. పద్ధతి అనేది ఎంత గొప్పదో చూడండి. పిరికితనానికి ఇన్ని మంచి పేర్లు పెట్టడం మామూలు మనిషికి చేతకాదు.

ఆ రోజే మధ్యలో ఓనరు ఒకసారి పిలిచి, మేస్త్రికి చెప్పావా అని అడిగాడు. ఆమె చెప్పానంది. ఏమన్నాడని అడిగాడాయన.

"మిఠాయి పంచాడండీ" అని నోరుజారింది. అబద్ధం కాదు కదా.

ఓనరు తన బల్ల మీద ఎవరో పెట్టి వెళ్ళిన మిఠాయి ముక్క వంక చూశాడు. పని పోయినవాడు మిఠాయి పంచడం ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఇంతకీ ఏం చెప్పావని అడిగాడు. ఆమె చెప్పింది. మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది, ఈసారి గాలి మనిషైన తనకు శిక్షకుడు చెప్పిన మాటతో సహా పద్ధతంతా. మూల కుర్చీలో బావమరిది తిరగడం ఆపి శ్రద్ధగా విన్నాడు.

శనివారం ఓనరు నుంచి మళ్ళీ కబురొచ్చింది. మేస్త్రి విషయం ఇంకా తేల్చలేదని తిడతాడేమోనని మేనేజరమ్మ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది. లోపల చూస్తే ఓనరు నవ్వుతున్నాడు. ఎనిమిదేళ్ళలో ఆ పళ్ళు ఆమె చూడటం అదే మొదటిసారి. కూర్చోమన్నాడు. ఒక జోకు చెప్పాడు. అది జోకని తెలియడానికి ముందు ఆయనే నవ్వాడు. నువ్వు నవ్వితే ఈ షెడ్డుకే వెలుగు వస్తుందన్నాడు. బావమరిది గుమ్మం దగ్గర నిలబడి అవునవునన్నాడు.

"నీలాంటిది ఈ రేకుల షెడ్డులో ఉండిపోకూడదమ్మా. నువ్వు ఆ స్థాయి ఎప్పుడో దాటేశావు. నీ ముందు ఒక కొత్త తలుపు తెరుచుకుంటోంది. ఇంత చెప్పాక నీకు అర్థమయ్యే ఉంటుంది" అన్నాడు ఓనరు.

అర్థం కాకపోవడమేమిటి. ఊరికి అటువైపు ఓనరు రెండో షెడ్డు కడతాడని చాన్నాళ్ళుగా అనుకుంటున్నారు. ఇన్నాళ్ళకు దాన్ని తన చేతిలో పెడుతున్నాడు. మేనేజరమ్మ గాల్లో తేలుతూ బయటకు వచ్చింది. అన్నిటికంటే పెద్ద సంతోషం ఏమిటంటే, నిన్నటినుంచీ గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయింది. కొత్త షెడ్డులో మేస్త్రికి కూడా చోటు చూపిస్తుంది. ఇక ఆయనకు ఆ మాట చెప్పాల్సిన అవసరమే లేదు. ఆ మాటలు తాను అల్లినవేనని ఆమెకు తట్టలేదా అని మీరడగొచ్చు. మనల్ని పొగిడే మాట ఎక్కడిదని ఎవరూ ఆరాతీయరు.

ఇంటికి వెళ్ళి మొగుడికి చెప్పింది. ఆయన స్క్రూ డ్రైవరు పక్కనపెట్టి, "జీతమెంతన్నాడు? ఎప్పట్నుంచన్నాడు?" అని అడిగాడు. అలాంటివి గాలి మనుషులతో మాట్లాడరని ఆమె కసురుకుంది.

సోమవారం పొద్దున మేనేజరమ్మ పెద్ద మిఠాయి పెట్టె పట్టుకుని షెడ్డుకు వచ్చింది. కొత్త రేకు చుట్ట ఎక్కించడానికి మెషిను ఆపారు. ఆ నిశ్శబ్దం ఆమెకు కొత్తగా ఉంది. తన సీట్లో ఓనరు బావమరిది కూర్చుని ఉన్నాడు, సరే, కొత్త షెడ్డుకు వెళ్ళేదాన్ని, ఇక్కడ ఎవరుంటే ఏమిటి అనుకుంది. నేరుగా మేస్త్రి మూలకు నడిచింది. ఆయన తన సుత్తులు, పట్టుకార్లు సంచిలో సర్దుకుంటున్నాడు. నీటిబొట్టు బిళ్ళ పీట మీద పడి ఉంది.

"తీసుకోండి బాబాయ్. మనిద్దరికీ మంచి రోజులొచ్చాయి" అంది పెట్టె తెరిచి.

మేస్త్రి తల ఎత్తలేదు. శనివారం సాయంత్రం మోటార్ల గది తాళంచెవి అడగడానికి గుమాస్తా దగ్గరకు వెళ్ళానని చెప్పాడు. గుమాస్తా మట్టి మనిషి కదా, స్ప్రింగు పని ఎప్పుడు మూస్తున్నారో, మోటార్ల పనికి ఎవరిని మాట్లాడారో, ఆధారాలతో సహా అన్నీ వివరంగా చెప్పాడట. అక్కడినుంచి ఆయన తలుపుల కంపెనీకి ఆటో కట్టించుకుని వెళ్ళాడు. వాళ్ళు శుక్రవారం సాయంత్రమే ఇంకొకణ్ణి పెట్టుకున్నారు.

మేనేజరమ్మ పెట్టె కిందికి దించింది. "చెప్పాలనే అనుకున్నాను బాబాయ్. మీరు నొచ్చుకుంటారని..."

"నొచ్చుకునేవాణ్ణి" అన్నాడు మేస్త్రి. "నొచ్చుకుని, మిమ్మల్ని నాలుగు తిట్టి, వెళ్ళి ఆ పనిలో చేరేవాణ్ణి."

 ఆమెకు సిగ్గుతో ముఖం మండింది. చేసిన తప్పు ఎలాగైనా దిద్దుకోవాలని, గబగబా కొత్త షెడ్డు సంగతి చెప్పింది. అది తన చేతికి వస్తోందని, మొదట పెట్టుకునేది మేస్త్రినేనని ఒట్టేసింది. మేస్త్రి సంచి కింద పెట్టాడు.

"ఓనరు ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాడు.

"ఈ రేకుల షెడ్డులో ఉండిపోకూడదన్నారు. ఆ స్థాయి ఎప్పుడో దాటేశావన్నారు. నీ ముందు ఒక కొత్త తలుపు..." అంటూ ఉండగానే మేనేజరమ్మ గొంతు సన్నబడింది. తన నోటినుంచి వస్తున్న మాటలు టీకొట్టు బల్ల ముందు కూర్చుని ఎవరో చెబుతున్నట్టు ఆమె చెవిన పడ్డాయి.

"ఇంత చెప్పాక నీకు అర్థమయ్యే ఉంటుంది అన్నాడా?" అడిగాడు మేస్త్రి.

ఆమె తలూపింది.

మేస్త్రి పీట మీద బిళ్ళను పక్కకు నెట్టి, పీటను ఆమెవైపు జరిపాడు.

"కూర్చోమ్మా. నీ ఉద్యోగం పోయింది" అన్నాడు.

ఆయనకు నెమ్మదిగా మాట్లాడటం ఏనాడూ రాదు. పైగా మెషిను ఆగి ఉంది. ఆ మాట ఫిట్టరుకు వినపడింది, పెయింటరుకు వినపడింది, లోపల గదిలో గిర్రున తిరుగుతున్న బావమరిదికి కూడా వినపడింది. అంటున్నప్పుడు ఆయన గొంతులో రవ్వంత సంతోషం కూడా పలికింది. పలకదా మరి. మేనేజరమ్మ మిఠాయి పెట్టె ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చుండిపోయింది. ఆయన అందులోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుని, సంచి బుజాన తగిలించుకుని వెళ్ళిపోయాడు. శిక్షణ అయ్యాక ఆ షెడ్డులో అందరికీ ఒక్కసారే అర్థమైన మాట అదే మొదటిది.